నీడా కావాలి, పూలూ కావాలి: చలి ప్రాంతంలో ఏ చెట్టు నాటాలి?

చిగురు:
మా ఇంటికి పడమర పక్క ఖాళీగా ఉంది. వేసవిలో మధ్యాహ్నం దాటితే ఆ వైపు గదుల్లో కూర్చోలేం. నీడ ఇంటి మీద పడాలి, పూలూ పూయాలి. చలికాలంలో మంచు పడుతుంది కాబట్టి తురాయి లాంటివి కుదరవు. తులిప్ చెట్టు, లిండెన్, కటాల్పా, హార్స్ చెస్ట్‌నట్, పౌలోనియా అని పేర్లు విన్నాను. ఏది పెట్టమంటారు?

లెక్కలమాస్టారు:
తులిప్ చెట్టు. రెండో మాట లేదు. అమెరికా తూర్పు అడవుల్లో పుట్టింది, నేల కుదిరితే 30 మీటర్లు దాటుతుంది. ఆకు కొస కత్తెరతో కత్తిరించినట్టు ఉంటుంది, చూడగానే గుర్తుపట్టొచ్చు. పువ్వుకి ఆరు రెక్కలు, పసుపు కలిసిన ఆకుపచ్చ, అడుగున నారింజ పట్టీ. చలికాలంలో ఆకు రాల్చేస్తుంది కాబట్టి ఎండ కావాల్సినప్పుడు ఎండ వస్తుంది. పడమర పక్కకి కావాల్సింది అదేగా. ఒక్క షరతు, గింజ నుంచి పెరిగిన మొక్క పూతకి రావడానికి 15, 20 ఏళ్లు పడుతుంది.

పూలపిచ్చి:
మాస్టారూ, ఆ నారింజ పట్టీ మీరెక్కడ చూశారు, కింద రాలిన పువ్వులోనా? ఆకులన్నీ వచ్చేశాక, ఆకుల రంగులోనే, చిటారు కొమ్మల్లో పూస్తుంది. కింద నిలబడ్డవాడికి మెడనొప్పే మిగిలేది. పౌలోనియా పెట్టండి. ఆకు రాకముందే చెట్టంతా ఊదా పూలు, మంచి వాసన. ఎదుగుదల కూడా మహా జోరు.

గడ్డిపరక:
కటాల్పా. జూన్‌లో తెల్లపూలు, పెద్ద ఆకులు, చిక్కటి నీడ. కాయలు ఊడ్చుకునే ఓపిక ఉంటేనే.

లెక్కలమాస్టారు:
పౌలోనియా మొగ్గలు ముందు ఏడాది శరదృతువులోనే వచ్చేస్తాయి. గోధుమరంగు నూగుతో చలికాలమంతా కొమ్మ చివర బయటే ఉంటాయి. చలి గట్టిగా పట్టిందంటే చెట్టు బతుకుతుంది, మొగ్గలు మాడిపోతాయి. ఇక ఆ ఏడాది పూలు లేవు. పైగా గింజలు సన్నగా రెక్కలతో ఉండి గాలికి ఎటైనా పోతాయి. చైనా నుంచి వచ్చిన ఈ చెట్టు అమెరికా తూర్పు రాష్ట్రాల్లో అడవుల్లోకి పాకి తలనొప్పి అయింది. ఇవన్నీ చూసుకోకుండా రంగు చూసి సలహా ఇస్తే ఎలాగండీ?

పూలపిచ్చి:
గింజల సంగతి నేనడగలేదు. తులిప్ పువ్వు కింద నుంచి కనిపిస్తుందా లేదా? ఒక్క ముక్కలో చెప్పండి.

లెక్కలమాస్టారు:
కింది కొమ్మలు కొట్టకుండా వదిలేస్తే, చుట్టూ ఖాళీ ఉంటే, కొమ్మలు కిందికి దిగుతాయి. కనిపిస్తుంది.

పూలపిచ్చి:
కింది కొమ్మలు వదిలేస్తే దాని కింద కుర్చీ ఎలా వేస్తారు? నీడ చెట్టన్నారుగా.

బంకబాధితుడు:
ఏదైనా పెట్టండి, లిండెన్ మాత్రం వద్దు. పక్కింటివాళ్ళది మా గోడ మీదికి వంగి ఉంటుంది. ఆకులకి పేనుబంక పడుతుంది, ఆ చిన్న పురుగులు రసం పీల్చి బంక వదులుతాయి. కారు అద్దం తుడిస్తే ఇంకా పట్టుకుంటుంది. తర్వాత దాని మీద నల్ల మసి. వాళ్ళకి నీడా వాసనా, నాకు బంకా మసీ. ఎన్నిసార్లు చెప్పినా నవ్వి ఊరుకున్నారు. చివరికి మా వైపు కొమ్మలకి నేనే మందు కొట్టించాను.

తేనెపట్టు:
ఎప్పుడు కొట్టించారు? పూత మీదా?

బంకబాధితుడు:
బంక కారేదే అప్పుడు. ఇంకెప్పుడు కొట్టించాలి?

తేనెపట్టు:
ఇది చదవండి. 2013 జూన్‌లో అమెరికా ఓరెగాన్‌లోని విల్సన్‌విల్‌లో, ఒక పార్కింగ్ స్థలంలో పూతలో ఉన్న లిండెన్ చెట్లకి ఈ పేనుబంక కోసమే డైనోటెఫ్యురాన్ అనే పురుగుమందు కొట్టారు. 50,000కు పైగా బంబుల్ తేనెటీగలు చచ్చి నేల మీద పడ్డాయి. ఆ తర్వాత ఆ రాష్ట్రం ఆ రకం మందులు లిండెన్ మీద వాడొద్దని రూలు పెట్టింది. లిండెన్ పువ్వు ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. సన్నటి లేతాకుపచ్చ రెక్క, దాని మధ్య నుంచి కాడ దిగి చివర లేతపసుపు పూల గుత్తి. జూన్, జూలైలో తేనెటీగలు వాటి మీదే ఉంటాయి. మీరు కొట్టించింది వాటి తిండి మీద.

బంకబాధితుడు:
ఉపన్యాసాలు వద్దు. కారు మీది, చెట్టు నాది అయితే అప్పుడు మాట్లాడండి.

తేనెపట్టు:
కారు కడుక్కుంటే పోతుంది సార్. పూసే చెట్టన్నాక కారుతుంది, రాలుతుంది. అది వద్దంటే గోడకి పూల బొమ్మ వేయించుకోండి.

గడ్డిపరక:
అయ్యా, ఇద్దరూ కాస్త తగ్గండి. అడిగినావిడ పారిపోతుంది.

బంకబాధితుడు:
తగ్గను. మీరంతా చెట్టు నాటేవాళ్ళ తరఫునే మాట్లాడుతున్నారు. గోడ అవతల ఉన్నవాణ్ణి ఎవరైనా అడిగారా? నాకు చెట్టంటే కోపం లేదు. ఒక్కసారి వచ్చి, వేసవిలో కారు మా వైపు పెట్టుకోండి అని వాళ్ళన్నా బాగుండేది.

పూలపిచ్చి:
మాస్టారు కూడా అంతే. 15, 20 ఏళ్లని ఎంత తేలిగ్గా రాశారండీ! నాకు అరవై దాటాయి. నేను చూడని పువ్వు నాకెందుకు? పౌలోనియా గురించి మీరు చెప్పినవన్నీ నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నా.

లెక్కలమాస్టారు:
ఈ మాట మొదటే అనుంటే మెడనొప్పి గొడవ ఉండేది కాదు. తొందరగా పూలు కావాలంటే ఎర్ర హార్స్ చెస్ట్‌నట్ అంటుమొక్క తీసుకోండి. మేలో నిలువు గుత్తులు, కంటి ఎత్తులోనే. తెల్లపూల రకం బాల్కన్ కొండల చెట్టు, దానికి ఆకు తొలిచే పురుగు పట్టి ఆగస్టుకే ఆకులు గోధుమరంగులోకి మాడుతున్నాయి. 1980లలో మాసిడోనియాలో ఓహ్రిద్ సరస్సు దగ్గర కనిపించిన పురుగు, 2002కల్లా బ్రిటన్ చేరింది. ఎర్రదానికి ఆ బాధ చాలా తక్కువ. నీడ మాత్రం తులిప్ అంత రాదు, ముందే చెబుతున్నా.

పూలపిచ్చి:
నీడ నాకక్కర్లేదు. ఆవిడకి కావాలి.

చిగురు:
అందరికీ థాంక్స్. ఒక సంగతి చెప్పలేదు. ఆ ఖాళీ జాగా పక్కనే పక్కింటివాళ్ళు కారు పెడతారు. తులిప్ చెట్టుకీ పేనుబంక పడుతుందా?

లెక్కలమాస్టారు:
పడుతుంది. బంక కూడా కారుతుంది.

బంకబాధితుడు:
అమ్మా, అయితే నాటకముందే వెళ్ళి వాళ్ళతో మాట్లాడండి. గోడకి ఎంత దూరం వదులుతారో కూడా చెప్పండి.