తిరుపతిలో జియోక్యాచింగ్ ఆడొచ్చా? ఎక్కడ?

కొర్లగుంట అమ్మ:

అందరికీ నమస్తే. సంక్రాంతి సెలవుల్లో బెంగళూరు పోయినప్పుడు మా తమ్ముడు పిల్లల్ని ఒక చెరువుకట్ట మీదికి తీసుకెళ్ళి జియోక్యాచింగ్ ఆడించాడు. తెలియని వాళ్ళకోసం చెప్తున్నా, యాప్‌లో చూపించిన చోటికి వెళ్ళి ఎవరో దాచిన డబ్బా వెతకాలి, దొరికితే లోపలున్న చీటీ మీద పేరు, తేదీ రాసి మళ్ళీ అక్కడే పెట్టేయాలి. మాకు దొరికింది బొటనవేలంత డబ్బా, మర్రి ఊడల మధ్య, బెరడు రంగు టేపు చుట్టి ఉంది. దానికోసం ఆ ఒక్క చెట్టు చుట్టూ ఇరవై నిమిషాలు తిరిగాం, అప్పుడే మా చిన్నోడు తొర్రలో గుడ్లగూబను చూశాడు. ఇంటికొచ్చాక డబ్బా ఊసే లేదు, వారం రోజులు గుడ్లగూబ కబుర్లే.

నేను పుట్టి పెరిగింది తిరుపతిలోనే. పిల్లల్ని బయటికి తీసుకెళ్దామంటే గుడి, జూపార్కు, లేదంటే హోటలు. కళ్ళెదురుగా ఇంత కొండ ఉంది, దాని మీద ఏ చెట్టు పేరూ నాకు తెలీదని అప్పుడు అర్థమై చాలా బాధేసింది. అలిపిరి దగ్గర అడవిలో నేనే ఒక డబ్బా పెడదామనుకుంటున్నా. పెట్టొచ్చా?

రాళ్ళ పిచ్చి:

అడవిలో మాత్రం వద్దక్కా. శేషాచలం రిజర్వు ఫారెస్టు, అనుమతి లేకుండా లోపలికి పోవడమే తప్పు, పైగా ఎర్రచందనం దొంగల కోసం ఎప్పుడూ నిఘా ఉంటుంది, ఫోన్‌లో మ్యాపు పట్టుకుని పొదల్లో వెతికేవాళ్ళను చూస్తే ఎవరికైనా అనుమానమే. చిరుతల సంగతి సరేసరి. అలిపిరి దగ్గరైతే దిక్కులేని డబ్బా ఒకటి కనిపిస్తే చాలు, భద్రతా సిబ్బందికి ఎంత టెన్షనో ఆలోచించండి. ఆట నియమాల్లోనే ఉంది, స్థలం ఎవరిదో వాళ్ళ అనుమతి కావాలి, నేల తవ్వి పాతిపెట్టకూడదు.

కానీ డబ్బా లేకుండా ఆడే రకం ఒకటుంది, ఎర్త్‌క్యాష్ అంటారు, 2004 నుంచి ఉంది. చెప్పిన చోటికి వెళ్ళి అక్కడి నేలను, రాళ్ళను చూసి ప్రశ్నలకు జవాబులు పంపాలి. మన ఊరికి ఇది అచ్చంగా సరిపోతుంది. తిరుమల ఘాట్‌రోడ్డులో ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అనే చోటుంది, భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. కింద పాత గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు, అంటే ఇసుకరాయి గట్టిపడి మారిన రాయి. ఆ రెంటికీ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ళ ఖాళీ. ఆ మధ్యకాలపు రాయి అక్కడ లేదు. రోజూ ఎన్ని వేలమంది గోవిందా అంటూ దాని పక్కనుంచే పోతున్నారో! పైన శిలాతోరణం కూడా అలాంటి స్మారకమే, 8 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు. ఘాట్‌రోడ్డులో బండి ఆపొద్దు, దాన్ని బస్సు కిటికీలోంచి చూపించండి, శిలాతోరణం దగ్గర దిగి పిల్లల్ని పొరలు లెక్కపెట్టమనండి.

చిత్తూరు మామిడితోట:

మేం మా తోటలోనే పిలకాయలకి పెట్టాం, సొంత స్థలం కాబట్టి ఎవర్నీ అడిగే పని లేదు. పోయిన వానాకాలం రెండు డబ్బాలు పోయాయి. ఒకదాన్లో నీళ్ళు దిగి చీటీ గుజ్జయిపోయింది, ఇంకోదాన్లో మా పాప వేరుశనక్కాయలు పెట్టింది, కోతులు ఊరుకుంటాయా, మూత కొరికి ముక్కలు చేశాయి. తిండి పెట్టకూడదనే నియమం ఎందుకో ఆ రోజు తెలిసింది. ఇప్పుడు రబ్బరు వాషరున్న డబ్బా, లోపల జిప్ కవర్లో చీటీ, పెన్సిలు. పెన్ను వద్దు, చెమ్మకి సిరా అలుక్కుపోతుంది.

గుట్టల దారి:

ఒక్క మాట. ఫోన్ చూపించే చుక్కని పట్టుకుని వేలాడకండి. ఆకాశం బాగా కనిపించే చోటే నాలుగైదు మీటర్లు అటూ ఇటూ ఉంటుంది, దట్టమైన చెట్ల కింద, బండల పక్కన ఇంకా తప్పుతుంది. 2000 మే నెలకు ముందైతే అమెరికా వాళ్ళు మామూలు జనానికి జీపీఎస్‌ను కావాలనే తప్పుగా చూపించేవాళ్ళు, అది తీసేసిన మర్నాడే ఆరెగాన్‌లో ఒకాయన అడవిలో బకెట్టు దాచి వివరాలు ఇంటర్నెట్‌లో పెట్టాడు, ఈ ఆట అక్కడే మొదలైంది. చుక్క దగ్గరికి చేరాక ఫోన్ జేబులో పెట్టి కళ్ళతో వెతకండి. వెళ్ళేటప్పుడు ఒక గోతం తీసుకెళ్ళండి, దారిలో కనిపించిన ప్లాస్టిక్ ఏరుకురండి. 2002 నుంచి ప్రపంచమంతా ఆటగాళ్ళకు అదొక పద్ధతి.

కొర్లగుంట అమ్మ:

అందరికీ చాలా థ్యాంక్స్. డబ్బా ఆలోచన మానేశాను. నిన్న ఆదివారం మా ఇంటికి దగ్గర్లోని పార్కులో నేనే ఐదు గుర్తులు రాసిచ్చా. నాలుగోది "మొసలి చర్మం లాంటి బెరడున్న చెట్టు". అరగంట వెతికి ఎర్రచందనం దగ్గర ఆగారు, బెరడు నిజంగానే చదరాలు చదరాలుగా పగిలి ఉంది. కింద దాని కాయలు రాలి ఉన్నాయి, రూపాయి బిళ్ళకన్నా పెద్దవి, మధ్యలో గింజ ఉబ్బెత్తుగా, చుట్టూ అప్పడంలా పల్చటి రెక్క. మా చిన్నోడు ఒకటి గాల్లోకి విసిరాడు, అది గిర్రున తిరుగుతూ దిగింది. ఇంకోటి విసిరాడు. ఐదో గుర్తు దాకా పోనేలేదు, చీకటి పడేవరకు అక్కడే ఉన్నాం. వచ్చే ఆదివారం శిలాతోరణం. అక్కడ పొరలు సరిగ్గా ఏ వైపునుంచి కనిపిస్తాయో రాళ్ళ పిచ్చి గారు కొంచెం చెప్పండి.