చూడని నాటకానికి చప్పట్లు: టోనీ అవార్డుల ప్రసారం గురించి ఒక సందేహం

ప్రశ్న: ఎడిసన్ (న్యూజెర్సీ) నుంచి ఒక ప్రేక్షకురాలు

అందరికీ నమస్కారం. నాటకమంటే ప్రాణం పెట్టేవారు ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక, కొన్నేళ్లుగా మనసులో మెదులుతున్న ఒక సందేహాన్ని మీ ముందు ఉంచుతున్నాను. అమెరికా వచ్చిన మొదటి సంవత్సరం నుంచీ నేను, న్యూయార్కులోని బ్రాడ్‌వే నాటకాలకు ఏటా ఇచ్చే టోనీ అవార్డుల సభను టీవీలో విడవకుండా చూస్తున్నాను. సాధారణంగా జూన్‌లో ఒక ఆదివారం రాత్రి ఎనిమిది గంటలకు సీబీఎస్ చానల్‌లో మొదలవుతుంది. ఆ రోజు వంట పెందలాడే ముగించి, పిల్లల మరునాటి బడి సంచులు సర్దేసి, చివరి బహుమతి ప్రకటించేదాకా కదలకుండా కూర్చుంటాను. ఆ మూడు గంటలు నావని ఇంట్లో అందరికీ తెలుసు.

2025 జూన్ 8న రేడియో సిటీ మ్యూజిక్ హాలులో జరిగిన సభలో నటి ఆడ్రా మెక్‌డొనాల్డ్ ‘జిప్సీ’ నాటకంలోని చివరి పాటను ప్రదర్శించారు. కూతుళ్లను రంగస్థలం ఎక్కించడానికి జీవితమంతా ధారపోసిన తల్లి, ఖాళీ వేదిక మీద ఒంటరిగా నిలబడి, ఇదంతా ఎవరి కోసం చేశానని తనను తాను నిలదీసుకునే ఘట్టం అది. పాట మధ్యలో ‘అమ్మ’ అనే మాట దగ్గర ఆమె తడబడుతుంది, ఆగుతుంది, మళ్లీ అదే మాటను పట్టుకొని ముందుకు తోసుకుంటూ వెళుతుంది. ఆ చోట నాకు ఏడుపు ఆగలేదు. తరువాత మంచినీళ్లు తాగుతూ ఉండగా ఒక ఆలోచన వచ్చింది. నేను ఆ నాటకం చూడలేదు. ఆ తల్లి అంతకుముందు ఏం చేసిందో, ఎవరిని ఎంత బాధపెట్టిందో నా కళ్లతో చూడలేదు. రెండున్నర గంటలకు పైగా సాగే నాటకంలో చివరి నాలుగైదు నిమిషాలు చూసి కన్నీళ్లు పెట్టుకోవడం నాటకాన్ని ప్రేమించడమేనా, లేక ఒక గొప్ప గొంతును మాత్రమే ప్రేమించడమా?

రెండవ సందేహం కూడా దీనికి సంబంధించినదే. ఆ రాత్రి ఉత్తమ నాటకంగా బ్రాండెన్ జేకబ్స్ జెంకిన్స్ రాసిన ‘పర్పస్’ ఎంపికైంది. షికాగోలోని ఒక నల్లజాతి హక్కుల నాయకుడి కుటుంబ కథ అని మాత్రం తెలిసింది. సంగీత నాటకాలు ఒక్కొక్కటి వేదిక మీదికి వచ్చి ఆడి పాడి వెళ్లాయి కానీ, కేవలం మాటల మీద నడిచే నాటకాల నుంచి నాకు మిగిలింది పేర్లు, ముఖాలు, కృతజ్ఞతలు మాత్రమే. ఏటా ఇదే లోటు. టికెట్ల ధరల వల్ల ఏడాదికి ఒక నాటకం చూడగలిగితే గొప్ప అనుకునే నాలాంటివారు ఈ ప్రసారాన్ని ఎలా చూడాలి, దాని నుంచి ఏం తీసుకోవాలి? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1: తెనాలి నుంచి

అమ్మా, మీ ప్రశ్న చదివి చాలా సంతోషించాను. నేను ముప్పై ఏళ్లకు పైగా పరిషత్తు నాటకాలలో నటించినవాణ్ణి, కొన్ని చోట్ల న్యాయనిర్ణేతగా కూర్చున్నవాణ్ణి. న్యూయార్కు నాటకాల గురించి మీకన్నా నాకు తెలిసింది తక్కువే. కానీ ముక్కను చూసి మొత్తాన్ని ప్రేమించడం తప్పా అన్న ప్రశ్నకు మన తెలుగు నాటకమే ఎప్పుడో జవాబు చెప్పింది.

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలను ఆద్యంతం చూసినవారు మా తరంలో ఎందరు? పడక సీను చూసినవారు మాత్రం ఊరూరా ఉన్నారు. కృష్ణుడు పడుకొని ఉంటాడు, దుర్యోధనుడు తలవైపు కూర్చుంటాడు, అర్జునుడు కాళ్లవైపు నిలబడతాడు. ఆ ఒక్క ఘట్టాన్నే విడిగా వేసేవారు, దాని కోసమే బండ్లు కట్టుకొని వచ్చేవారు. పీసపాటి వారి కృష్ణుడినో, షణ్ముఖి వారి కృష్ణుడినో తలుచుకునేవాళ్లు కథను తలుచుకోరు. ‘బావా! ఎప్పుడు వచ్చితీవు’ అన్న పద్యం ఎత్తుకున్న తీరును, హార్మోనియం శ్రుతి మీద ఆ రాగం నిలిచిన తీరును తలుచుకుంటారు. జనం ‘వన్స్ మోర్’ అంటే యుద్ధ సన్నాహమంతా ఆగిపోయి పద్యం మళ్లీ మొదలయ్యేది. ఆ జనానికి నాటకం మీద ప్రేమ లేదని ఎవరూ అనలేదు.

అయితే ఒక తేడా ఉంది, దాన్ని దాచకూడదు. పడక సీను చూసే పల్లెటూరి మనిషికి భారతం ముందే తెలుసు. ఆ కృష్ణుడు లేచి ఎవరిని ముందు చూస్తాడో, దానివల్ల ఎన్ని అక్షౌహిణులు నేలకూలుతాయో అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. ముక్క అతనికి ముక్కగా అందదు, వెనుక ఉన్న కథంతా దానితో పాటే వస్తుంది. మీకు ఆ తల్లి కథ తెలియదు కాబట్టే మీ కన్నీళ్లను మీరు అనుమానించారు. అందువల్ల నా సలహా ఒక్కటే. అభ్యర్థిత్వాల జాబితా నెల ముందే వస్తుంది కదా, అందులో అచ్చయి దొరికే నాటకాలను సభకు ముందే చదవండి. చదివిన తరువాత చూసిన నాలుగు నిమిషాలు వేరుగా ఉంటాయి.

ఇంకొక్క మాట. మా పరిషత్తుల్లో ముగ్గురు న్యాయనిర్ణేతలు ముందు వరుసలో పక్కపక్కనే కూర్చొని, ఒకే రాత్రి ఒకే ప్రదర్శన చూసి, చిన్న టార్చి వెలుగులో మార్కులు వేసుకుంటారు. ఆఖరి రోజు ఆఖరి నాటకం దిగాక అర్ధరాత్రి దాటిన తరువాత ఫలితాలు చదువుతారు. అప్పటిదాకా పందిట్లో కూర్చున్నవాళ్లు అన్ని నాటకాలూ చూసినవాళ్లే. ‘ఉత్తమ ప్రదర్శన’ అని పేరు చదవగానే వాళ్లు ఒప్పుకుంటారు, లేదా అక్కడికక్కడే వాదనకు దిగుతారు. టీవీ ముందు కూర్చున్న మీకు ఆ వాదించే హక్కు లేకుండా పోవడమే ఈ ప్రసారంలోని అసలు లోటని నాకు తోస్తోంది.

సమాధానం 2: హైదరాబాదు నుంచి, నాటకాలకు లైటింగు, సౌండు చేసేవాణ్ణి

పెద్దలు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, ప్రేక్షకురాలి దృష్టి పోని ఒక చోటును చూపించాలనుకుంటున్నాను. మీరు రాత్రి ఎనిమిదింటికి కూర్చుంటున్నారు. బహుమతుల ప్రదానం అంతకు ముందే మొదలవుతుంది. సెట్లు, దుస్తులు, లైటింగు, సౌండు, వాద్యసమ్మేళన రచన వంటి బహుమతులలో ఎక్కువ భాగం ‘యాక్ట్ వన్’ అనే తొలి భాగంలోనే ఇచ్చేస్తారు. గత కొన్నేళ్లుగా దాన్ని ఇంటర్నెట్‌లో వచ్చే ప్లూటో టీవీలో ఉచితంగా చూపిస్తున్నారు. ప్రధాన ప్రసారంలో ఆ విజేతలకు దక్కేది కొద్ది క్షణాల ప్రస్తావన మాత్రమే.

మా పనిని తీసివేసి చూస్తే ఏమవుతుందో టోనీ చరిత్రలోనే ఉంది. 2014లో సౌండు డిజైను బహుమతిని రద్దు చేశారు. ఆ రంగంలోని కళాకారులు తీవ్రంగా నిరసించారు. చివరకు 2017-18 నాటకాల కాలం నుంచి దాన్ని పునరుద్ధరించారు. ఆ వార్త చదివిన రోజు నేను రవీంద్రభారతిలో ఒక నాటికకు మైకులు సరిచూస్తున్నాను. సముద్రాలకు ఆవల ఉన్నవారు మా పక్షాన గెలిచినట్లనిపించింది. ఎందుకంటే సౌండు బాగున్నప్పుడు అది ఉన్నట్లే ప్రేక్షకుడికి తెలియదు. మాట స్పష్టంగా వినపడితే నటుడిని మెచ్చుకుంటారు, వినపడకపోతే మమ్మల్ని తిడతారు.

2025లో ఉత్తమ సంగీత నాటకంగా నిలిచి, మొత్తం ఆరు బహుమతులు గెలుచుకున్న ‘మేబీ హ్యాపీ ఎండింగ్’నే తీసుకోండి. సియోల్ నగరంలో, మనుషులకు ఇక అక్కరలేదని పక్కన పెట్టేసిన ఇద్దరు యంత్ర సేవకుల ప్రేమకథ. ఆ ఆరింటిలో ఒకటి రంగాలంకరణకు వచ్చింది. టీవీలో కెమెరా ఇద్దరి ముఖాల దగ్గరికి వెళ్లగానే ఆ సెట్టు చట్రం దాటిపోతుంది, ఏ వెలుగులో ఆ ముఖాలు కనిపిస్తున్నాయో మాత్రమే మిగులుతుంది. కాబట్టి ఈసారి చూసేటప్పుడు, దర్శకుడు కెమెరాను దూరానికి తీసుకెళ్లిన ప్రతి క్షణాన్నీ వదలకండి. వేదిక మొత్తం కనిపించే ఆ రెండు మూడు సెకన్లలో, నటుడి మీద పడని వెలుగు ఎక్కడ పడుతోందో గమనించండి. హాలులో కూర్చున్నవారు ఎక్కువసేపు చూసేది ఆ దృశ్యాన్నే.

సమాధానం 3: జెర్సీ సిటీ నుంచి

నేను వారం మధ్యలో దొరికే చౌక టికెట్ల మీద ఆధారపడి నాటకాలు చూసేవాణ్ణి. తెనాలి పెద్దాయనగారి మాటను గౌరవిస్తూనే కొంచెం విభేదిస్తున్నాను. ఆ ప్రసారం నాటకాలలోని ముక్కల సంకలనం మాత్రమే అయితే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కానీ ఆ సభే ఒక ప్రత్యక్ష ప్రదర్శన. అది ఆ రాత్రికే పుట్టి ఆ రాత్రికే పోతుంది.

2016 జూన్ 12 గుర్తు చేసుకోండి. ఆ తెల్లవారుజామున ఓర్లాండోలోని పల్స్ నైట్‌క్లబ్బులో ఒక దుండగుడు 49 మందిని కాల్చి చంపాడు. అదే సాయంత్రం టోనీ సభ. 16 అభ్యర్థిత్వాలతో వచ్చి 11 బహుమతులు గెలిచిన ‘హామిల్టన్’ సంగీత నాటక బృందం అమెరికా స్వాతంత్ర్య సంగ్రామంలోని యార్క్‌టౌన్ యుద్ధ ఘట్టాన్ని ప్రదర్శించాల్సి ఉంది. అది సైనికులు తుపాకులు పట్టుకొని ఆడే నృత్యం. ఆ రాత్రి వాళ్లు తుపాకులు లేకుండా ఆడారు. అడుగులు అవే, పాట అదే, చేతులు మాత్రం ఖాళీ. ఆ నాటకానికి ఎంత డబ్బు పోసి టికెట్టు కొన్నవారికైనా ఆ ఖాళీ చేతుల ప్రదర్శన దొరకలేదు. టీవీ ముందు కూర్చున్న మనకు దొరికింది. 2023లో రచయితల సమ్మె కారణంగా రాసిన మాటలు లేకుండానే, న్యూయార్కు నగరంలోని వాషింగ్టన్ హైట్స్ ప్రాంతంలో ఉన్న యునైటెడ్ ప్యాలెస్‌లో సభ జరిపినప్పుడు, సభా నిర్వాహకురాలు అరియానా డిబోస్ మొదట్లో ఒక్క మాటా లేకుండా నృత్యంతోనే ప్రారంభించారు. వీటిని చూసినవారు నాటకం చూడలేదని నేను అనలేను.

ఇక మాటల నాటకాలకు అన్యాయం జరుగుతోందన్న మీ బాధ నాదీ. దాని మూలం డబ్బులో ఉంది. కనీసం 500 సీట్లుండి బ్రాడ్‌వే కింద లెక్కకు వచ్చే థియేటర్లు 41. వాటిలో నడిచే సంగీత నాటకాలకు ఈ ప్రసారం దేశమంతటికీ చేరే ప్రకటన వంటిది. ‘మేబీ హ్యాపీ ఎండింగ్’ 2024 శరదృతువులో ఖాళీ సీట్లతో మొదలై, చూసినవారు చెప్పుకోగా చెప్పుకోగా నిలదొక్కుకున్నది. మరోవైపు 7 అభ్యర్థిత్వాలు ఉండి ఒక్కటీ గెలవని ‘డెడ్ ఔట్‌లా’ 2025 జూన్ 29నే, అంటే సభ జరిగిన మూడు వారాలకే మూతపడింది. అందుకే విజేత పేరు చదివేటప్పుడు నేను మిగతా బృందాలు కూర్చున్న వరుసలను చూస్తాను. వారిలో కొందరికి ఆ నెలాఖరుకు పని ఉండకపోవచ్చు.

మీరు చేయదగినవి రెండు చెబుతాను. ఎడిసన్ నుంచి రైలెక్కితే నేరుగా న్యూయార్కులోని పెన్ స్టేషన్‌లో దిగుతారు. టైమ్స్ స్క్వేర్‌లో 1973 నుంచి నడుస్తున్న టీకేటీఎస్ కౌంటరులో ఆ రోజు ప్రదర్శనలకు తగ్గింపు ధరకు టికెట్లు ఇస్తారు, మాటల నాటకాలకు అక్కడ తరచుగా మంచి సీట్లు దొరుకుతాయి. రెండవది, లింకన్ సెంటర్ వద్ద ఉన్న న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ప్రదర్శన కళల శాఖలో 1970 నుంచి నాటకాల వీడియోలను భద్రపరుస్తున్నారు. అధ్యయనం కోసం, ముందుగా అనుమతి తీసుకొని అక్కడే కూర్చొని చూడాలి. నేను ఒకసారి అలా, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని, ఏనాడో దిగిపోయిన ఒక నాటకాన్ని ఆసాంతం చూశాను. పక్క బల్ల దగ్గర ఒక వృద్ధురాలు మరేదో నాటకం చూస్తూ పెదవులు కదుపుతూ సంభాషణలు తనలో తాను చెప్పుకుంటున్నారు. ఆమె అందులో నటించారేమోనని అడగాలనిపించింది కానీ అడగలేదు.

మళ్లీ ఎడిసన్ నుంచి

మీ ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. తెనాలి పెద్దలు రాసిన పడక సీను మాట చదవగానే మా నాన్నగారు గుర్తుకొచ్చారు. ఆయన గడ్డం గీసుకుంటూ అద్దం ముందు ఆ పద్యం ఎత్తుకునేవారు. ఆయన కూడా ఆ నాటకాన్ని పూర్తిగా చూసి ఉండరని ఇప్పుడు అనిపిస్తోంది.

నిన్న మా ఊరి గ్రంథాలయంలో ‘పర్పస్’ పుస్తకం కోసం పేరు నమోదు చేయించుకున్నాను. ‘జిప్సీ’ పుస్తకం దొరికింది, మొదటి అంకం పూర్తయింది. ఆ తల్లి నేను ఊహించుకున్న మనిషి కాదు. రెండవ అంకం ముగిసిన తరువాత ఆ చివరి పాటను మళ్లీ వింటాను. ఈసారి సభకు సాయంత్రం ముందుగానే ‘యాక్ట్ వన్’ నుంచి కూర్చుంటాను. హైదరాబాదు మిత్రులను ఒక్కటి అడగాలి: టీవీలో విన్నప్పుడు, సౌండు డిజైనరు పని ఏదో, ప్రసారం చేసేవారు కలిపిన శబ్దం ఏదో వేరు చేసి తెలుసుకునే మార్గం ఏమైనా ఉందా?