ఫ్లిప్పర్ బాట్: ఎదుటి బాట్ లేస్తోంది గానీ తిరగబడట్లేదు, పెద్ద సిలిండర్ కొనాలా?

కాకినాడ_మెక్:
రోబోలు తలపడే పోటీలో 60 కేజీల కేటగిరీకి ఫ్లిప్పర్ (గాలి ఒత్తిడితో ప్లేట్‌ని పైకి తోసి ఎదుటి బాట్‌ని తిరగేసే రోబో) చేస్తున్నాం, మాది మెకానికల్ థర్డ్ ఇయర్ టీమ్. ప్లేట్‌ని తోసే గాలి సిలిండర్ 63 ఎంఎం బోర్ (లోపలి వ్యాసం), 200 ఎంఎం స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం), మేం వెళ్ళే ఫెస్ట్ రూల్ బుక్‌లో 8 బార్ దాటకూడదని ఉంది. లెక్కేస్తే 250 కేజీల దాకా ఫోర్స్ వస్తోంది కానీ 60 కేజీల ఇసుక బస్తా పెట్టి ఫైర్ చేస్తే ప్లేట్ మెల్లగా పైకి లేచి ఆగిపోతోంది, విసరట్లేదు. 100 బోర్‌కి వెళ్ళాలా? ఎవరైనా చేసినవాళ్ళు చెప్పండి అన్నా, మా బడ్జెట్‌కి సిలిండర్ ఒక్కసారే కొనగలం.

గాలివాటం_నాని:
తమ్ముడూ, సిలిండర్ జోలికి వెళ్ళకు, అది సరిపోతుంది. లెక్క చూడు, 8 బార్‌కి దాదాపు 2500 న్యూటన్లు, 0.2 మీటర్ స్ట్రోక్, అంటే పేపర్ మీద 500 జూల్స్. 60 సెంటీమీటర్ల పొడవు, 20 ఎత్తు ఉన్న 60 కేజీల బాట్‌ని అంచు మీద నిలబెట్టాలంటే 130 జూల్స్ చాలు, అది దాటితే తనే తిరగబడుతుంది. సగం ఎనర్జీ వేస్ట్ అయినా నీకు ఇంకా మిగులుతుంది. నీకు రాంది ఫోర్స్ కాదు, గాలి టైమ్‌కి లోపలికి చేరట్లేదు. వాల్వ్ సైజెంత, పైపు ఎంత, బఫర్ ట్యాంక్ (వాల్వ్ పక్కనే గాలి నిల్వ ఉంచే చిన్న ట్యాంక్) ఉందా?

కాకినాడ_మెక్:
వాల్వ్ పావు ఇంచ్ 5/2 సోలెనాయిడ్ (కరెంట్‌తో పనిచేసే, ఐదు పోర్టులున్న వాల్వ్), పైపు 6 ఎంఎం. బఫర్ లేదన్నా, ట్యాంక్ నుంచి రెగ్యులేటర్, అక్కడి నుంచి డైరెక్ట్‌గా వాల్వ్‌కి.

గాలివాటం_నాని:
దొరికింది. రెగ్యులేటర్ అంత గాలి ఒక్కసారిగా వదల్లేదు, దాని పని ప్రెజర్ తగ్గించి మెల్లగా పంపడమే. అందుకే రెగ్యులేటర్ తర్వాత, వాల్వ్‌కి ఆనుకుని, బఫర్ పెట్టాలి. ఎంత పెట్టాలంటే, నీ సిలిండర్ వాల్యూమ్ దాదాపు 0.62 లీటర్. ఒక లీటర్ బఫర్ పెడితే స్ట్రోక్ చివరికి ప్రెజర్ 4.5 బార్‌కి పడిపోతుంది, 2 లీటర్లు పెడితే దాదాపు 6 దగ్గర ఉంటుంది (గాలి వ్యాకోచించి చల్లబడుతుంది కాబట్టి నిజంగా ఇంకొంచెం తక్కువే). పైపు 6 నుంచి 12 లోపలి డయామీటర్‌కి మారిస్తే దారి నాలుగు రెట్లు అవుతుంది, పొడవు కూడా జానెడు దాటనివ్వకు. వాల్వ్ కనీసం అర ఇంచ్ తీసుకో, నీ డబ్బు పెట్టాల్సింది అక్కడ.

ఇంకోటి, 5/2 వాల్వ్‌లో రాడ్ (పిస్టన్ కడ్డీ) వైపు గాలి బయటికి పోవాలి కదా, అది సన్న పోర్ట్‌లోంచి పోయేటప్పుడు పిస్టన్‌ని ఆపుతుంది. రాడ్ వైపు పోర్ట్ పూర్తిగా ఓపెన్ వదిలేసి (దుమ్ము వెళ్ళకుండా జాలీ పెట్టి), ప్లేట్‌ని రబ్బర్ తాళ్ళతోనో స్ప్రింగ్‌తోనో వెనక్కి లాగించు. ఒక్క ఈ మార్పుతోనే తేడా కళ్ళకి కనిపిస్తుంది.

స్పిన్నర్_భక్త:
ఇంత కష్టం దేనికి బ్రో, డ్రమ్ స్పిన్నర్ (వేగంగా తిరుగుతూ కొట్టే బరువైన డ్రమ్) పెట్టుకోండి, కొడితే పని ఐపోతుంది.

లీడ్స్_లావణ్య:
స్పిన్నరే ఎప్పుడూ గెలుస్తుందంటే ఒప్పుకోను. నేనుండేది ఇంగ్లాండ్‌లో, ఇక్కడి రోబో వార్స్ అనే టీవీ పోటీ చరిత్రే చూడండి, కేయాస్ 2 అనే గ్యాస్ ఫ్లిప్పర్ సీరీస్ 3, సీరీస్ 4 వరసగా గెలిచింది. 2016లో షో మళ్ళీ మొదలైనప్పుడు ఫైనల్లో అపోలో అనే ఫ్లిప్పర్, కార్బైడ్ అనే భయంకరమైన స్పిన్నర్‌ని ఓడించింది. ఆఖరి సీరీస్ 2017లో, అదే కార్బైడ్‌ని ఫైనల్లో ఎరప్షన్ ఓడించింది, అదీ ఫ్లిప్పరే. కాకపోతే అరీనా సంగతి మర్చిపోకూడదు. అక్కడ గోడ దాటించి బయట పడేస్తే మ్యాచ్ అక్కడితో అయిపోయేది, తలకిందులుగా కూడా తిరగగలిగే బాట్‌లకి అదొక్కటే మందు. అమెరికాలోని బ్యాటిల్‌బాట్స్ అనే టీవీ పోటీ బాక్స్‌లో అలా బయటికి పంపడం చాలా కష్టం, అందుకని అక్కడ ఫ్లిప్పర్ మళ్ళీ మళ్ళీ ఎగరేస్తూ లోపలి పార్టులు వదులయ్యేలా చేయాలి. అక్కడి ఫ్లిప్పర్లలో బ్రాంకో గ్యాస్‌తో చేసేది, హైడ్రా హైడ్రాలిక్స్‌తో. కాకినాడ గారూ, మీ ఫెస్ట్ అరీనాకి గోడ ఎంత ఎత్తుందో, బయట పడితే ఓటమో కాదో ముందే అడిగి తెలుసుకోండి, డిజైన్ దాన్ని బట్టే ఉంటుంది.

కాకినాడ_మెక్:
థాంక్యూ మేడమ్, గోడ సంగతి అసలు ఆలోచించలేదు. ఇంకో డౌట్, ప్లేట్ హింజ్ వెనక పెట్టాలా ముందు పెట్టాలా? ఫైర్‌స్టార్మ్ అనే బాట్‌కి ముందు ఉందని చూశా.

బీటిల్_బాబ్జీ:
నేను చిన్న బాట్‌లవాడ్ని, 1.36 కేజీల క్లాస్, అయినా జామెట్రీ ఒకటే కాబట్టి చెప్తా. హింజ్ వెనక పెడితే ప్లేట్ పొడుగ్గా వస్తుంది, కొస వేగం బాగుంటుంది, ఎదుటోడు పైకీ ముందుకీ పోతాడు. కానీ సిలిండర్ హింజ్‌కి దగ్గర్లో తోస్తే కొస దగ్గర ఫోర్స్ తగ్గిపోతుంది, నీ 250 కేజీలు మూడో వంతు దూరంలో తోస్తే కొసన 80 చిల్లర. ముందు హింజ్ పొట్టిగా గట్టిగా ఉంటుంది, అయితే ఎదుటోడు నీ మీదికి బాగా ఎక్కాకే పని చేస్తుంది. ఫోర్‌బార్ (నాలుగు కడ్డీలని పిన్నులతో కలిపిన లింకేజ్) అయితే కొస వెళ్ళే దారిని మనమే గీసుకోవచ్చు, బయోహజార్డ్ అనే బాట్ అలాగే చేసింది, అది ఎలక్ట్రిక్ లిఫ్టర్ అనుకోండి. నాలుగు పిన్నులు, నాలుగు చోట్లా వదులు, మొదటి బాట్‌కి నేనైతే వద్దంటాను.

అసలు అందరూ వదిలేసేది రియాక్షన్. నువ్వు ఎదుటోడిని పైకి తోస్తే అంతే బలం నీ ముందు భాగాన్ని నేలకేసి అదుముతుంది. ముందు చక్రాలు వెనక్కి ఉంటే నువ్వే ముందుకి తూలి ఎనర్జీ అంతా అందులోనే పోతుంది. చక్రాలు వీలైనంత ముందుకి జరుపు, లేదా ప్లేట్ కొస వెనకే నేలకి తగిలేలా గట్టి సపోర్ట్ పెట్టు.

వరంగల్_వెల్డర్:
కొస గురించి నేను చెప్తా. నేలకి ఒక ఎంఎం ఎత్తులో ఉన్నా ఎదుటోడి వెడ్జ్ (వాలుగా ఉండే ముందు ప్లేట్) నీ కిందకి దూరుతుంది, అప్పుడు 500 జూల్స్ ఉన్నా ఏం లాభం? కొస హార్డాక్స్ (బాగా గట్టి రకం స్టీల్)తో చేయండి, మైల్డ్ స్టీల్ రెండు దెబ్బలకే వంగి చుట్టుకుపోతుంది. ప్లేట్‌ని హింజ్ దగ్గర కొంచెం వదులుగా ఉంచితే తన బరువుతోనే నేలకి ఆనుతుంది. నేల ప్లేట్ల జాయింట్లు ఎగుడుదిగుడుగా ఉండే అరీనాలో పదునైన కొస ఇరుక్కుంటుంది, అలాంటి చోట చివర కొద్దిగా రౌండ్ చేసిన స్పేర్ కొస ఒకటి చేతిలో పెట్టుకోండి, బోల్టులతో మార్చుకునేలా.

గాలివాటం_నాని:
బఫర్ కోసం మాత్రం కూల్‌డ్రింక్ బాటిళ్ళు వాడకు తమ్ముడూ, కాలేజీ ప్రాజెక్టుల్లో చాలామంది వాడతారు తెలుసు, స్పిన్నర్ దెబ్బ ఒక్కటి తగిలితే పేలుతుంది. టెస్ట్ సర్టిఫికెట్ ఉన్న మెటల్ ట్యాంక్, సేఫ్టీ వాల్వ్, బయటి నుంచి చేతికందే డంప్ వాల్వ్ (గాలంతా బయటికి వదిలేసేది), ఈ మూడూ లేకుండా గాలి నింపొద్దు. ప్లేట్‌కి అడ్డంగా లాక్ పిన్ చేయించు. టేబుల్ మీద ఉన్నంతసేపూ పిన్ ఉండాలి, అరీనాలో గేట్ దగ్గరే తీయాలి, ఎవరూ ప్లేట్ మీదికి వంగకూడదు. రిసీవర్ సిగ్నల్ పోతే వాల్వ్ మూసుకునే ఉండేలా ఫెయిల్‌సేఫ్ సెట్ చేసి, రిమోట్ ఆఫ్ చేసి చూడండి.

కాకినాడ_మెక్:
అన్నా, రాడ్ వైపు ఫిట్టింగ్ ఇప్పుడే విప్పి ఫైర్ చేశాం. అదే వాల్వ్, అదే పైపు, అయినా బస్తా ఈసారి పక్కకి దొర్లింది. అర ఇంచ్ వాల్వ్, 2 లీటర్ ట్యాంక్ రేపు విజయవాడలో వెతుకుతాం. 12 వోల్ట్ కాయిల్ ఉన్నదే తీసుకోవాలా, 24 అయితే కుదురుతుందా? మా బ్యాటరీ 6 సెల్ లైపో.