రోజూ మల్టీవిటమిన్ వేసుకోవాలా? అమ్మకీ నాకూ ఒకటే మాత్ర ఇచ్చారు

కందుకూరు కుర్రోడు:
అందరికీ నమస్కారం. మా అమ్మకి 54 ఏళ్లు, శాకాహారి. షుగరుకి చాలా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, దాని వెనకే గ్యాస్ మాత్ర. ఈ మధ్య అరికాళ్లు తిమ్మిర్లు అంటోంది. నాకు 29, ఒంగోల్లో ఆఫీసు ఉద్యోగం, మధ్యాహ్నానికే నీరసం. మెడికల్ షాపులో అడిగితే ఇద్దరికీ ఒకటే మల్టీవిటమిన్ ఇచ్చారు. స్ట్రిప్పు వెనక చూస్తే ఐరన్ 10 మిల్లీగ్రాములు, కాల్షియం 75, డి విటమిన్ 400 యూనిట్లు, బి12 ఒక మైక్రోగ్రాము, ఇంకా చాలా పేర్లున్నాయి. ఇది ఇద్దరికీ సరిపోతుందా?

కనిగిరి మాస్టారు:
వద్దు నాయనా. రాగి సంకటి, మునగాకు, పెరుగు, ఆకుకూర పప్పు తినండి, చాలు. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటుంది. నీ మాత్రలో 75! ఆ మాత్రం దానికి డబ్బులు తగలెయ్యడం ఎందుకు? మా నాన్న తొంభై దాటి బతికాడు, విటమిన్ అన్న మాటే వినలేదు.

కావలి మెడికల్స్:
మాస్టారూ, నమస్తే. మీ నాన్నగారు పొలంలో తిరిగారు. ఈ అబ్బాయి ఏసీ గదిలో కూర్చుంటాడు. నేను ఫార్మసిస్టుని, పొద్దుట్నుంచి రాత్రి దాకా కౌంటర్లోనే ఉంటా. రాగి సంకటి తినేవాళ్లు ఎంతమంది వస్తారో, నూడుల్స్ తినేవాళ్లు ఎంతమంది వస్తారో నాకు తెలుసు. రోజుకి నాలుగైదు రూపాయల మాత్ర. తిండిలో లోటుంటే పూడుతుంది, లేకపోతే నష్టం లేదు.

ఒంగోలు గిత్త:
వేసుకున్న రోజు యూరిన్ పసుపు పచ్చగా వస్తోంది. అంటే డబ్బులన్నీ బాత్రూంలోకే కదా అన్నా?

నైట్ డ్యూటీ నెల్లూరు:
ఆ రంగు బి2ది, రైబోఫ్లేవిన్. ఎక్కువైంది బయటికి పోతుంది, భయపడక్కర్లేదు. కానీ ఎ, డి, ఇ, కె అలా పోవు, ఒంట్లో నిలవ ఉంటాయి. కావలి అన్న "నష్టం లేదు" అన్నది అందుకే పూర్తిగా నిజం కాదు.
కందుకూరు తమ్ముడూ, అమ్మ సంగతి వేరు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గుతుంది. గ్యాస్ మాత్ర రోజూ వేసుకున్నా తగ్గుతుంది. పైగా శాకాహారి, పాలు పెరుగుల్లో వచ్చేదే దిక్కు. మూడూ ఒకే మనిషికి ఉన్నాయి. తిమ్మిర్లు షుగరు వల్లా రావచ్చు, బి12 తగ్గినా రావచ్చు. ముందు రక్త పరీక్ష చేయించండి. నిజంగా లోపం ఉంటే ఒక మైక్రోగ్రాము ఏ మూలకి? డాక్టర్లు వెయ్యి, పదిహేనొందల మైక్రోగ్రాముల మాత్రలో, ఇంజెక్షన్లో రాస్తారు. ఇంకోటి, ఫోలిక్ ఆమ్లం (ఇదీ ఒక బి విటమినే) ఎక్కువున్న మాత్రలు మాత్రమే వేస్తూ పోతే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, బి12 లేక నరాలు పాడవడం మాత్రం ఆగదు.

టంగుటూరు పొగాకు:
నేను సిగరెట్టు తాగుతా. నాకేది మంచిది?

నైట్ డ్యూటీ నెల్లూరు:
బీటా కెరోటిన్, అంటే ఒంట్లో ఎ విటమిన్‌గా మారేది, ఎక్కువున్నది మాత్రం వద్దు. ఫిన్లాండులో పొగతాగే మగవాళ్లకి ఏళ్లపాటు ఇచ్చి చూశారు, 1994లో ఫలితాలు వచ్చాయి. ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గుతుందనుకుంటే పెరిగింది.

కనిగిరి మాస్టారు:
విన్నారా? మంచిదని ఇచ్చింది చెడు చేసింది! ఇంకోటి చెప్తా. 2024లో అమెరికాలో 3 లక్షల 90 వేల మంది ఆరోగ్యవంతుల వివరాలు ఇరవై ఏళ్లకి పైగా చూసి లెక్క తేల్చారు. రోజూ మల్టీవిటమిన్ వేసుకున్నవాళ్లు ఎక్కువ కాలం ఏమీ బతకలేదు.

కావలి మెడికల్స్:
వాళ్లు అమెరికా వాళ్లు మాస్టారూ. వాళ్ల గోధుమ పిండిలోనే విటమిన్లు కలిపి అమ్ముతారు, మాంసం రోజూ తింటారు. కడుపు నిండినవాడికి ఇంకో ముద్ద పెట్టి "చూశారా, లావవలేదు" అంటే ఎట్లా? అదే అమెరికాలో 14 వేల పైచిలుకు మగ డాక్టర్ల మీద చేసిన ట్రయల్ 2012లో వచ్చింది. క్యాన్సర్లు 8 శాతం తగ్గాయి. అది మీరు చెప్పరు.

కనిగిరి మాస్టారు:
అదే ట్రయల్లో గుండె జబ్బులు తగ్గలేదు. అది నువ్వు చెప్పవు.

ఉలవపాడు మామిడి:
ఇద్దరూ చదివినవాళ్లే 😀 తగ్గేదే లేదు. కానివ్వండి.

కావలి మెడికల్స్:
మాస్టారికి మాత్ర అంటేనే పడదు. మన తెలుగువాడు ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో కూర్చుని తన జట్టుతో ఫోలిక్ ఆమ్లం తయారు చేయించింది ఊరికేనా?

కనిగిరి మాస్టారు:
సుబ్బారావు గారి కృషి రోగుల కోసం. నువ్వు అమ్మేది అరుగు మీద కూర్చున్నవాళ్లందరికీ.
నాకు మాత్ర అంటే ఎందుకు పడదో విను. మాది ఫ్లోరైడు నీళ్ల ఊరు. నడుము పట్టేసి, మెడ తిప్పలేక, మోకాళ్లు వంగక బాధపడుతుంటే మా ఊరి ఆర్‌ఎంపీ కాల్షియం తగ్గిందన్నాడు. సంవత్సరాలు కాల్షియం మాత్రలు, బలం మాత్రలు, సూదులు. జీతంలో ఎంత పోయిందో దేవుడికెరుక. ఒక్కడంటే ఒక్కడు నువ్వు ఏ నీళ్లు తాగుతున్నావని అడగలేదు. చివరికి నెల్లూరులో ఎక్సరే తీసి ఫ్లోరోసిస్ అన్నారు. అన్ని సంవత్సరాలూ ఆ బోరు నీళ్లే తాగుతూ మాత్రలు మింగా. మాత్ర ఇచ్చినవాడికి అడగాల్సిన పని తప్పిపోయింది. నా కోపం అదీ.

నైట్ డ్యూటీ నెల్లూరు:
మాస్టారూ, అది దారుణం. కానీ అది మాత్ర తప్పు కాదు, జబ్బు కనుక్కోకపోవడం తప్పు. ఫ్లోరైడు ఊళ్లలో తిండిలో కాల్షియం బాగా ఉండటం మంచిదే, ఫ్లోరైడు ఒంటికి పట్టడం తగ్గుతుంది. నీళ్లు మారకుండా ఏ మాత్రా పనిచెయ్యదు.

కావలి మెడికల్స్:
ఎవరో ఆర్‌ఎంపీ చేసిన దానికి నన్ను అంటే ఎట్లా? నా బాధ నాది. వారానికి ఒకటి వెయ్యమని డాక్టరు రాసిన 60 వేల యూనిట్ల డి విటమిన్ సాచెట్‌ని ఒకాయన రోజూ పాలల్లో కలుపుకుని తాగాడు. రక్తంలో కాల్షియం పెరిగిపోయి, వాంతులై, ఆస్పత్రిలో పడ్డాడు. నేను స్ట్రిప్పు మీద "వారానికి ఒకటి" అని పెన్నుతో రాసిచ్చినవాడిని. ఫోన్లో చూసి ఆన్‌లైన్లో డిస్కౌంట్‌కి కొంటారు, ఏదైనా అయితే మెడికల్ షాపోడు దొంగ.

ఒంగోలు గిత్త:
నా పసుపు రంగు సంగతి ఇంకా తేలలేదు. రంగు రాకపోతే నకిలీ మాత్రా?

గూడూరు కోడలు:
మొదట్నుంచి చదువుతున్నా. ఇక ఊరుకోలేకపోతున్నా.
మాస్టారు గారూ, తిండిలోనే అన్నీ ఉన్నాయన్నారు. ఉన్నాయి, కాదనను. ఆ తిండి ఎవరి పళ్లెంలో ఉందో చూశారా ఎప్పుడైనా? మా ఇంట్లో చేపల పులుసు పెడితే ముక్కలు మామయ్యకి, మా ఆయనకి, పిల్లలకి. చివర్లో మా అత్తా నేనూ కూర్చునేసరికి చట్టిలో పులుసూ, మామిడి ముక్కలూ, ఒక తలకాయ. పెరుగు అడుగున మిగిలిందే మాకు. ఇది మా ఒక్క ఇంట్లోనే అనుకోకండి.
రెండో కాన్పుకి నాకు హిమోగ్లోబిన్ 8. "బాగా తినమ్మా" అన్నారందరూ. ఏం తినాలి? ఏఎన్‌ఎం అక్క తెచ్చిచ్చిన ఐరన్ మాత్ర వేసుకున్నా. ఆ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. ఆరు నెలలు రోజూ వెయ్యమన్నారు. అది నాది, ఎవరికీ పంచక్కర్లేదు. అదొక్కటే ఆ ఇంట్లో పూర్తిగా నాకు దక్కింది. ఆడవాళ్లకి రోజుకి 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలని, మగవాళ్లకి 19 చాలని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్లే 2020లో లెక్క చెప్పారు. ఎక్కువ కావాల్సినవాళ్లకి తక్కువ పెట్టి, పైన తిండే మందు అని చెప్తే మండదా?

కనిగిరి మాస్టారు:
అమ్మా, మా ఇంట్లో అట్లా లేదు.

గూడూరు కోడలు:
ఇంట్లో మేడమ్ గారిని అడిగి రాయండి మాస్టారు గారూ.

ఉలవపాడు మామిడి:
అమ్మో.

కావలి మెడికల్స్:
అక్క చెప్పింది చూశారా? నేను మొదట్నుంచి ఇదే అంటున్నా, మాత్ర వేసుకోవాలి.

గూడూరు కోడలు:
అన్నా, మీరు నా మాటని మీ షాపులోకి లాక్కోవద్దు. పీహెచ్‌సీలో ఊరికే ఇచ్చేదానికీ, మీ 10 మిల్లీగ్రాముల దానికీ పోలిక లేదు. రక్తం తక్కువున్న మనిషికి మీరు మల్టీవిటమిన్ అమ్మితే ఐరన్ వేసుకుంటున్నాం కదా అనుకుని పరీక్షకి పోదు. మీరూ మాస్టారూ ఒకటే, అవతల మనిషి ఎవరో అడగకుండానే ఇద్దరూ జవాబు చెప్తున్నారు. మా అత్తయితే రేషన్ బియ్యంలో కలిపిన పోషకాల గింజల్ని ప్లాస్టిక్ అని ఏరి పారేసేది. కిలోకి పది గ్రాములే కలిపేవాళ్లు, ఐరనూ బి12 ఉండేది వాటిలోనే. ఆమెకి ఎవరూ చెప్పలేదు మరి.

కనిగిరి మాస్టారు:
చెప్పాల్సింది చెప్పాలి, ఒప్పుకుంటా. పళ్లెంలో ముక్క వేయించాలి. మాత్ర ఇచ్చి ఆ ముక్క సంగతి మర్చిపోతారనే నా భయం.

గూడూరు కోడలు:
ముక్క వచ్చేదాకా మాత్ర వేసుకుంటాను. అందులో మీకేం ఇబ్బంది?

నైట్ డ్యూటీ నెల్లూరు:
కందుకూరు తమ్ముడు ఉన్నాడా, పారిపోయాడా?

కందుకూరు కుర్రోడు:
ఉన్నానక్కా. ఆదివారం అమ్మని ల్యాబుకి తీసుకెళ్తున్నా. ఈలోపు ఈ మాత్ర వెయ్యమంటారా? నాక్కూడా పరీక్షలు కావాలా?

నైట్ డ్యూటీ నెల్లూరు:
రక్తం ఇచ్చేదాకా మొదలుపెట్టొద్దు, బి12 అంకె తేడా చూపించొచ్చు. జుట్టు కోసమని బయోటిన్ మాత్రలేమైనా వాడుతుంటే రెండు రోజుల ముందే ఆపాలి, థైరాయిడ్ రిపోర్టు తప్పుగా వస్తుంది. తర్వాత డాక్టరు ఏది రాసినా సరే, ఐరన్, కాల్షియం ఉన్నది మాత్రం థైరాయిడ్ మాత్రకి నాలుగు గంటల దూరంలో వెయ్యాలి. మధ్యాహ్నం భోజనం తర్వాత వేస్తే గొడవ లేదు. ఐరన్ మాత్ర మీద టీ తాగొద్దు. నీకైతే, మగపిల్లాడివి, ఊరికే ఐరన్ ఎందుకు? నిద్ర ఎన్ని గంటలో, మధ్యాహ్నం ఏం తింటున్నావో ముందు చూసుకో. నీరసం తగ్గకపోతే హిమోగ్లోబిన్, షుగరు, థైరాయిడ్ చూపించుకో.

కావలి మెడికల్స్:
తమ్ముడూ, స్ట్రిప్పు మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) 14 అంకెల నంబరు ఉందా, డ్రగ్ లైసెన్సు నంబరు ఉందా చూడు. మొదటిదైతే ఆహారం కింద లెక్క, మందు కింద కాదు. అమ్మ వేరే మందులన్నీ ఒక కాగితం మీద రాసి డాక్టరుకి చూపించు. రక్తం పలచబడే వార్ఫరిన్ లాంటిదేమైనా ఉంటే కె విటమిన్ ఉన్న మాత్ర అడగకుండా వెయ్యొద్దు.

కనిగిరి మాస్టారు:
ఇప్పుడు చెప్తున్నావు ఇవన్నీ. కౌంటర్లో చెప్తావా?

కావలి మెడికల్స్:
ఒకసారి కావలి రండి మాస్టారూ, చూద్దురు గాని.