‘తనకు మాలిన ధర్మం’ స్వార్థాన్ని బోధిస్తున్నదా?

ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. ‘తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం’ అన్న సామెతను, తిండీ నిద్రా మాని ఇతరుల పనులన్నీ నెత్తిన వేసుకునేవారికి హితవుగా చెప్పడం తరచుగా వింటుంటాను. ‘మొదలు చెడ్డ బేరం’ అంటే ‘మొట్టమొదటి చెడ్డ బేరం’ అని అర్థమా? దానధర్మాలను ఇంతగా కీర్తించిన భాషలో ఈ సామెత ‘ముందు నీ సంగతి నువ్వు చూసుకో’ అని స్వార్థాన్ని నేర్పుతున్నట్లు లేదా? పెద్దలు వివరించగోరుతాను.

సమాధానం:

మీ మొదటి సందేహం తీరితే రెండవదానిలో సగం దానంతట అదే తీరుతుంది.

ఇక్కడ ‘చెడ్డ’ అనేది ‘మంచి’కి వ్యతిరేకమైన విశేషణం కాదు. ‘పడు’ నుండి ‘పడిన, పడ్డ’ అన్న రెండు రూపాలు వచ్చినట్లే ‘చెడు’ నుండి ‘చెడిన, చెడ్డ’ వచ్చాయి. చెడడమంటే ఉన్నది పోవడం. ‘బతికి చెడిన కుటుంబం’ అన్నప్పుడు ఆ కుటుంబీకుల గుణాన్ని మనం శంకించడం లేదు కదా. ‘మొదలు’ అంటే పెట్టుబడి, అసలు సొమ్ము. ‘మొదటికే మోసం వచ్చింది’ అనే మాటలో ఆ అర్థం నేటికీ నిలిచి ఉన్నది. తమిళంలో ‘ముదల్’ అన్నా పెట్టుబడే, ‘ముదలాళి’ అంటే యజమాని. ‘బేరం’ కూడా ధర తగ్గించమని అడగడం కాదు, ‘ఈ రోజు బేరాలు లేవు’ అని వ్యాపారులు అనుకునేటప్పటి బేరం, అంటే వర్తకమే. కాబట్టి ‘మొదలు చెడ్డ బేరం’ అంటే లాభం సంగతి అటుంచి, పెట్టిన పెట్టుబడే హరించుకుపోయిన వ్యాపారం.

‘మాలిన’ దగ్గర కొంత ఎక్కువసేపు ఆగవలసి ఉంటుంది. సిగ్గుమాలిన, దిక్కుమాలిన, నీతిమాలిన అనే మాటల వల్ల మనకు వెంటనే ‘లేని’ అనే అర్థమే తోస్తుంది. అయితే ‘అలవిమాలిన కోపం’ అన్నప్పుడు అది అదుపు లేని కోపమూ అవుతుంది, శక్తిని మించిన కోపమూ అవుతుంది; లేకపోవడం నుండి మించిపోవడం దాకా ఆ మాట అర్థం సాగింది. సామెతలో నాకు రెండూ వినిపిస్తాయి: తనకంటూ ఏమీ మిగలని ధర్మం, తన శక్తికి మించిన ధర్మం. పైగా ‘తనకు మాలిన’ అనే కూర్పు ‘పనికిమాలిన’ అనేదానికి తోడబుట్టినది. రెండింటిలోనూ ముందున్న మాట ‘కు’ విభక్తితోనే వచ్చింది. ఈ పోలికతో తరువాత పని ఉన్నది.

‘ధర్మం’ ఇక్కడ ‘ధర్మం చేయండి బాబూ’ అనే పిలుపులోని ధర్మం, అంటే దానం. దానం చేయవద్దని సామెత ఎక్కడా అనలేదు, పెట్టుబడిలోంచి తీసి చేయవద్దన్నది. లాభంలోంచి ఇచ్చేవాడు రేపూ ఇవ్వగలడు. పెట్టుబడిలోంచి ఇచ్చినవాడు తాను చితికిపోవడమే కాక, పుచ్చుకునేవాడికి కూడా రేపటి దాత లేకుండా చేస్తాడు. స్వార్థమన్న ఆరోపణ ఇక్కడే వీగిపోతుందని నా అభిప్రాయం, ఎందుకంటే సామెతకు పట్టింది ఇచ్చేవాడి సుఖం కాదు, ఇవ్వడమనే పని ఆగకుండా సాగే దారి.

నేటి దానాల్లో డబ్బు కంటే నిద్ర, ఓపిక, సమయం ఎక్కువ. మంచాన పడిన మనిషికి రాత్రంతా రెండేసి గంటలకోసారి పక్క మార్చి, తెల్లవారగానే ఏ పూట మాత్రలను ఆ పూట అరలో సర్ది, తన రక్తపోటు మాత్ర వేసుకున్నదీ లేనిదీ గుర్తు లేక డబ్బా మూత పట్టుకుని ఆలోచిస్తూ నిలబడే వ్యక్తిని ఊహించండి. ఆ మాత్ర మానివేయడాన్ని త్యాగం పద్దులో రాసుకోవడానికి వీల్లేదు. ఆ వ్యక్తే కూలిపోయిన నాడు పక్క మార్చే చేతులు ఉండవు.

ఇదే ఆలోచనను కాళిదాసు కుమారసంభవం అయిదవ సర్గలో మరో విధంగా పలికించాడు. రాలిన ఆకులు తినడం కూడా మానివేసి అపర్ణ అనిపించుకున్న పార్వతి దగ్గరికి, శివుడు బ్రహ్మచారి వేషంలో వచ్చి కుశలమడుగుతూ ‘అపి స్వశక్త్యా తపసి ప్రవర్తసే, శరీరమాద్యం ఖలు ధర్మసాధనమ్’ అంటాడు: నీ శక్తికి తగినట్లే తపస్సు చేస్తున్నావు కదా, ధర్మసాధనాలలో మొదటిది శరీరమే కదా అని. రెండవ సగాన్ని విడదీసి సుభాషితంగా వల్లించడం పరిపాటి గాని, ‘స్వశక్త్యా’ అన్న ప్రశ్నతో కలిపి చదివితేనే దాని బలం తెలుస్తుంది. అక్కడి ధర్మం దానం కాదు, అర్థం విశాలమైనది. అయినా ‘ఆద్యం’ అన్న చోట మన ‘మొదలు’ను, ‘స్వశక్త్యా’ అన్న చోట ‘తనకు మాలిన’ అన్నదానికి సరిగ్గా ఎదురుమాటను చూడవచ్చు. కాళిదాసు పంక్తి నుండి మన సామెత పుట్టిందని నేను అనను. బేరం భాష సంస్కృతం నేర్పనక్కరలేనిది.

మరొక సభ్యుని అభ్యంతరం:

తమరి వ్యుత్పత్తి విచారం బాగున్నది గాని, శిబి తన మాంసాన్ని కోసి ఇచ్చాడు, కర్ణుడు కవచకుండలాలను ఇచ్చాడు, బలి మూడవ అడుగుకు తలనే చూపాడు. వీరందరిదీ తనకు మాలిన ధర్మమే కదా. పైగా ‘పడ్డవాడు చెడ్డవాడు కాడు’ అని ఓర్పును మెచ్చిందీ మన సామెతే. వేళకు తినాలి, నిద్రపోవాలి అంటే ఒప్పుకుంటాను. ఆత్మాభిమానం దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క పనిచేయదని నా మనవి.

సమాధానం:

తమరు చెప్పిన ముగ్గురూ పోయేదేమిటో ఎరిగి ఇచ్చినవారు. బలిని శుక్రాచార్యుడు ముందే హెచ్చరించాడు, కర్ణుణ్ణి సూర్యుడు హెచ్చరించాడు; విని, తూచి, ఇచ్చారు. వారిది బేరం కానే కాదు కనుక బేరానికి చెప్పిన సామెత వారికి తగలదు. రోజూ ప్రతిదానికీ ‘సరే’ అనేవారిలో ఆ ఎరుక కనిపించదు. వారిది చాలావరకు మొహమాటం, అంటే కాదంటే ఎదుటివారి ముఖం ఎలా మారుతుందోనన్న భయం. (మొహమాటానికి పోతే ఏమయిందో చెప్పే సామెత ఈ బృందంలో అందరికీ తెలిసినదే కనుక ఇక్కడ పూర్తి చేయను.)

‘పడ్డవాడు చెడ్డవాడు కాడు’ అన్నదానిలోని ‘చెడ్డ’ను కూడా పై విధంగానే చదవడం సాధ్యం: మాటలు పడినవాడు దుర్మార్గుడు కాడు అన్నది ఒక అర్థమైతే, మాటలు పడినంత మాత్రాన వాడికి చెడింది ఏమీ లేదన్నది మరొకటి. రెండర్థాలలోనూ అది మాటలు పడిన తరువాత, పడినవాడి పక్షాన నిలిచి పలికే ఓదార్పు. అన్న మాటకూ నీ విలువకూ సంబంధం లేదని చెప్పే సామెత ఆత్మాభిమానానికి విరుద్ధమెలా అవుతుంది? దానిని ముందుగానే వినిపించి, రేపు కూడా పడి ఉండమని నోరు మూయించడానికి వాడేవారున్నారు. ఆ వాడుకతో నాకు ఏకీభావం లేదు.

ఇప్పుడు ‘పనికిమాలిన’ దగ్గరికి వస్తాను. ఆ తిట్టు మనిషిని తూచే తూనిక ఏమిటో గమనించండి. ఎవరికో ఒకరికి పనికివస్తేనే విలువ, లేకుంటే లేదు. ఈ తూనికను లోలోపల ఒప్పుకున్న మనిషి జ్వరంతో పడుకున్నప్పుడు కూడా నేరం చేసినట్లు ముడుచుకుంటాడు, ఎవరైనా అడిగీ అడగకముందే ‘ఏం పరవాలేదు, నేను చేస్తాను’ అంటాడు. పనికిమాలినవాడిని అనిపించుకుంటానేమోనన్న భయమే చాలామందిని తనకు మాలిన ధర్మంలోకి తోస్తున్నదని నాకు తోస్తుంది. కాబట్టి ఆత్మాభిమానం ఈ లెక్కకు వెలుపలిది కాదు. నిద్ర, ఆరోగ్యం లాగే అదీ మొదలులో భాగమే. భగవద్గీత ఆరవ అధ్యాయంలో ‘నాత్మానమవసాదయేత్’, తనను తాను కుంగదీసుకోరాదు, అన్న నిషేధం ఎదుటివారిని ఉద్దేశించి కాక తనను ఉద్దేశించే ఉండడం ఇందుకేనేమో. ‘నా వల్ల ఏమవుతుందిలే’ అన్న మాటను మనకు ఇతరుల కంటే మనమే ఎక్కువసార్లు వినిపించుకుంటాం.

ప్రశ్న అడిగిన సభ్యుని నుండి:

ధన్యవాదాలు. అయితే మర్యాద తప్పకుండా కాదనడానికి తెలుగులో తగిన మాట ఏది? ‘కుదరదు’ అంటే సరిపోతుందా?

సమాధానం:

సరిపోతుంది గాని, ‘కుదరదు, వీలుపడదు’ అన్న క్రియలలో అనేవాడు కనిపించడు, కుదరనిది పరిస్థితి. అందుకే వినేవారు సహజంగానే పరిస్థితిని సరిచేయడానికి పూనుకుంటారు: ‘పోనీ సాయంత్రం కుదురుతుందా?’ అని. ‘చేయను’ అన్నది సంకల్పాన్ని చెబుతుంది, దగ్గరివారితో తప్ప కరకుగా వినిపిస్తుంది. వీటి నడుమ ‘చేయలేను’ ఉన్నది. ఇది శక్తిని గురించిన మాట కనుక మన సామెతకు అన్నిటికంటే దగ్గరిది. ‘ఈ వారం ఆ పని నేను చేయలేనండీ, వచ్చే వారమైతే ఒక పూట కేటాయించగలను’ అన్న వాక్యాన్ని పరిశీలించండి. క్రియలోనే కర్త తెలుస్తున్నందున తెలుగులో ‘నేను’ను సాధారణంగా వదిలేస్తాం గాని, ఇటువంటి వాక్యంలో దానిని ఉంచడమే మంచిదని నేను అంటాను. ‘ఏమీ అనుకోకండి’ అని ముందు చేర్చడం మీ ఇష్టం.