పాత లారీ ఛాసిస్‌కి ఏ పెయింట్ వేస్తే తుప్పు ఆగుతుంది? చెన్నైలో చేయించినవాళ్లు చెప్పండి

మింజూరు_లారీ:
అందరికీ నమస్తే. మా దగ్గర పాత లేలాండ్ కామెట్ ఒకటుంది. నాన్నగారు నెల్లూరు–మద్రాసు మధ్య తిప్పిన బండి, చాలాకాలంగా షెడ్డులోనే ఉంది. బాడీ, క్యాబిన్ దించేశాం. ఇంజన్ మెకానిక్ దగ్గరుంది. ఛాసిస్ ఒక్కటే స్టాండ్ల మీద ఉంది. ఇక లోడు తోలేది లేదు, అప్పుడప్పుడు బయటికి తీయడానికే. పెయింట్ దగ్గర ఆగిపోయాను. టింకరింగ్ మేస్త్రి రెడ్ ఆక్సైడ్ రెండు కోటింగ్‌లు, పైన నల్ల ఎనామిల్ చాలంటున్నాడు. పెయింట్ షాపువాడు జింక్ రిచ్ అంటున్నాడు. యూట్యూబ్‌లో చూస్తే అందరూ పీఓఆర్-15 అంటారు. ఎన్నూరు సముద్రపు గాలికి ఏది నిలబడుతుంది?

రెడ్‌హిల్స్_ట్రాన్స్‌పోర్ట్:
మీ మేస్త్రి చెప్పేది ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) కోసం కొట్టే పెయింట్ అన్నా. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఎఫ్‌సీ, కాబట్టి ఏటా పెయింట్. గ్రీజు మీద, బురద మీద కూడా స్ప్రే కొట్టేస్తారు. ఇన్‌స్పెక్టర్ చూసి వెళ్లేదాకా ఉంటే చాలు. మా బళ్లకీ అదే, దాచడమెందుకు. రోజూ రోడ్డు మీదుండే బండికి మళ్లీ ఏడాదికి ఎలాగూ కొడతాం కాబట్టి చెల్లుతుంది. మీలా ఒకసారి వేసి పదేళ్లు మర్చిపోదామనుకుంటే కుదరదు.

కోటింగ్_ఇన్‌స్పెక్టర్:
రేవు పనుల్లో, ట్యాంకుల దగ్గర పెయింట్ తనిఖీ చేయడం నా ఉద్యోగం. ఇక్కడ ఒక మాట. పెయింట్ పేరు తర్వాత చూద్దాం, ముందు ఆ ఇనుమును ఎంతవరకు శుభ్రం చేయించగలరో చెప్పండి. దాన్ని బట్టే డబ్బా ఎంచుకోవాలి.

బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో గరుకు రవ్వలు కొట్టి తుప్పు రాల్చడం) చేయించి ఎస్ఏ 2.5 స్థాయికి, అంటే దాదాపు తెల్లగా తేలేదాకా తీసుకురాగలిగితే జింక్ రిచ్ ఎపాక్సీ (హార్డెనర్ కలిపి వేసే పెయింట్) వేయండి. దాంట్లోని జింక్ పొడి ఇనుముకు నేరుగా తగులుతూ ఉండాలి. అప్పుడే ఇనుము బదులు జింక్ కరిగిపోయి ఇనుమును కాపాడుతుంది. మధ్యలో తుప్పో పాత పెయింటో మిగిలితే ఆ తగలడం ఉండదు. అప్పుడది ఖరీదైన బూడిద రంగు, అంతే. షాపువాడు ఈ ముక్క చెప్పడు.

బ్లాస్టింగ్ కుదరదు, గ్రైండరూ వైర్ బ్రషే గతి అంటే జింక్ జోలికి పోవద్దు. ఎపాక్సీ మాస్టిక్ తీసుకోండి. జోటామాస్టిక్ లాంటివి గట్టిగా అంటుకుని మిగిలిన తుప్పును కొంత ఓర్చుకునేలా తయారుచేసినవే. మిగతా పెద్ద కంపెనీలకూ ఈ రకం ఉంటుంది. ‘సర్ఫేస్ టాలరెంట్’ అని అడగండి. ‘కొంత’ అన్నది గుర్తుంచుకోండి. సుత్తితో కొడితే పెచ్చులుగా లేచే తుప్పును ఏ పెయింటూ ఓర్చుకోదు. ఇంకోటి, వైర్ కప్పుతో మరీ రుద్దితే తుప్పు పోదు, నున్నగా మెరుస్తుంది. చూసినవాళ్లు ఇనుము తేలిందనుకుంటారు. ముందు సుత్తి, నీడిల్ స్కేలర్ (ఇనుప సూదులతో కొట్టే మిషన్)‌తో పెచ్చులు రాల్చి, ఆ తర్వాత బ్రష్.

జీపు_సుజాత:
పీఓఆర్-15 గురించి నేను చెప్తాను, మా పాత జీపు ఫ్రేముకి వాడాం. గాలిలోని తేమతోనే గట్టిపడే రకం అది, చెన్నైలో ఆ తేమకు కొరవలేదు. గరుకుగా, తుప్పు మరకలున్న ఇనుము మీద బాగా పట్టింది. నున్నటి కొత్త ఇనుము మీద గరుకు చేయకుండా వేస్తే మాత్రం రేకులా ఊడుతుంది. ఎండ కూడా పడదు, ఎండ తగిలే చోట పైన ఇంకో పెయింట్ తప్పదు. డబ్బా అంచుకు పెయింట్ అంటి మూత వేశారంటే మళ్లీ తెరుచుకోదు. చిన్న డబ్బాలే కొనండి. లారీ మొత్తానికి అయ్యే ఖర్చు చూస్తే మాస్టిక్ నయం.

మింజూరు_లారీ:
అంబత్తూరులో బ్లాస్టింగ్ చేసేవాళ్లున్నారు, లోడు చేసి పంపగలను. తిరిగొచ్చేసరికి మళ్లీ తుప్పు పడుతుందంటున్నారు, నిజమేనా?

తిరువొత్తియూర్_వాసు:
నిజమే. మా ట్రైలర్ ఫ్రేమ్ ఒక షెడ్డులో బ్లాస్ట్ చేసి రాత్రి అలాగే వదిలేశారు. పొద్దున్నే చూస్తే కుంకుమ చల్లినట్టు చుక్కలు. పైగా దుమ్ము పోవాలని నీళ్లతో కడిగారట.

కోటింగ్_ఇన్‌స్పెక్టర్:
వాసు గారూ, ఆ కడిగింది బోరు నీళ్లతోనా?

తిరువొత్తియూర్_వాసు:
ఇంకేం నీళ్లుంటాయి సార్ మా వైపు. నోట్లో పోసుకుంటే ఉప్పే.

కోటింగ్_ఇన్‌స్పెక్టర్:
అదే సంగతి. ఆ ఉప్పు ఇనుము గుంటల్లో కూర్చుంటుంది, కంటికి కనబడదు. పైన ఎంత మంచి ఎపాక్సీ వేసినా ఉప్పు తేమను లాక్కుంటుంది, పెయింట్ కింద బొబ్బలు లేస్తాయి. సముద్రం పక్క పాత బండికి పెద్ద శత్రువు ఇదే. అందుకని బ్లాస్టింగ్‌కు ముందే మెట్రో వాటర్ తెప్పించి ప్రెషర్‌తో కడిగించండి. ముఖ్యంగా సి-ఛానల్ (ఫ్రేములోని సి ఆకారపు దూలం) లోపలి మూలలు, అక్కడ ఏళ్లనాటి బురద ఉంటుంది. బాగా ఆరనివ్వండి. బ్లాస్ట్ అయ్యాక మళ్లీ నీళ్లు వద్దు, ఎండు గాలి కొట్టి అదే రోజు, కొన్ని గంటల్లోపే ప్రైమర్ పడాలి. అందుకే ఫ్రేమును ఇంటికి తెచ్చి వేయడం కాదు, ప్రైమర్ డబ్బా మీరే అక్కడికి తీసుకెళ్లండి.

ఆ షెడ్డులో ఇసుకతో కొడుతున్నారా అని కూడా చూడండి. ఆ ధూళితో సిలికోసిస్ వస్తుంది, కొట్టే కుర్రాడి ఊపిరితిత్తులు పోతాయి. స్టీల్ గ్రిట్టో కాపర్ స్లాగో వాడేచోటుకే వెళ్లండి.

పుదుపేట_స్పేర్స్:
పౌడర్ కోటింగ్ (పొడి చల్లి ఓవెన్‌లో కాల్చే పూత) అడగలేదేం? అంత పొడవు ఫ్రేము పట్టే ఓవెన్ దొరికితే ముచ్చటగా ఉంటుంది. ఒక రాయి తగిలి పొర చిట్లిందా, నీళ్లు దాని కిందకు పాకుతాయి. పైకి నున్నగానే ఉంటుంది, లోపల తుప్పు నడుస్తుంటుంది. మా కొట్టుకొచ్చే పాత ఫ్రేముల్లో ఇది బాగా చూస్తుంటా. బిటుమెన్ (తారు) అండర్ కోటింగూ అంతే, ఎండి పగిలిందంటే తేమను లోపల పట్టి ఉంచుతుంది.

రెడ్‌హిల్స్_ట్రాన్స్‌పోర్ట్:
హాట్ డిప్ గాల్వనైజింగ్?

కోటింగ్_ఇన్‌స్పెక్టర్:
లారీ ఫ్రేముకు వద్దు. 450 డిగ్రీల జింక్‌లో ముంచితే వంకరపోయే ప్రమాదం ఉంది. రివెట్ చేసిన రెండు ప్లేట్ల మధ్య తేమ ఉంటే ఆవిరై పేలుతుంది కూడా.

రివెట్ల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. రెండు ప్లేట్లు అతికిన చోటే ఛాసిస్ ముందుగా చచ్చేది. ఇనుము తుప్పుగా మారితే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు ప్లేట్లే విడిపోతాయి. అక్కడికి బ్లాస్టింగూ పోదు, బ్రషూ పోదు. ప్లేట్లు అప్పటికే ఉబ్బి ఉంటే రివెట్లు తీయించి శుభ్రం చేసి మళ్లీ బిగించాల్సిందే. ఉబ్బకపోతే పెయింట్ పని ముగిశాక పల్చటి క్యావిటీ వ్యాక్స్ ఆ సందుల్లోకి కొట్టండి, దానంతటదే పాకుతుంది. ముందే కొడితే పెయింట్ పట్టదు.

జీపు_సుజాత:
చెయ్యి పోని గుంటలకు రస్ట్ కన్వర్టర్ వాడొచ్చు. టానిక్ యాసిడ్ రకమైతే తుప్పును నల్లగా మార్చేస్తుంది. ఫాస్ఫారిక్ రకం వాడితే మిగిలిన ఆమ్లాన్ని శుభ్రంగా కడగాలి, లేకపోతే పైన ఎపాక్సీ సరిగా అంటుకోదు.

మింజూరు_లారీ:
సరే, బ్లాస్టింగ్, జింక్ రిచ్, మాస్టిక్, పైన నల్ల పీయూ (పాలీయురేథేన్ పెయింట్) అనుకుంటున్నా. పీయూ తప్పదా? మందం ఎంత ఉండాలి?

కోటింగ్_ఇన్‌స్పెక్టర్:
ఎపాక్సీ ఎండకు సున్నంలా పొడి రాలుతుంది, అందుకే పీయూ. బాడీ కింద ఎండ తగలని చోట లేకపోయినా నష్టం లేదు. పీయూ హార్డెనర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్ ఉంటుంది, స్ప్రే చేసేటప్పుడు గుడ్డ మాస్కులు పనికిరావు. తగిన రక్షణ మాస్కు లేకపోతే బ్రష్‌తో వేయండి, కింద ఎవరు చూడొచ్చారు.

ఆరాక ఉండాల్సిన మందం: జింక్ 60–75 మైక్రాన్లు, మాస్టిక్ 125 దాకా, పీయూ 50. లెక్క తేలికే. 80 శాతం సాలిడ్స్ (ఆరాక మిగిలే పదార్థం) ఉన్న మాస్టిక్‌ను తడిగా 125 మైక్రాన్లు వేస్తే ఆరాక 100 మిగులుతుంది. ఆ మందంలో లీటరుకు కాగితం మీద 8 చదరపు మీటర్లు వస్తుంది, పనిలో అంతకంటే తక్కువే. పెయింటర్లు గన్ బాగా పారాలని థిన్నర్ దంచేస్తారు, మొత్తం అక్కడే పోతుంది. తడి మందం కొలిచే దువ్వెన లాంటి గేజ్ చవకే, పక్కన నిలబడి కొలవండి. స్ప్రేకి ముందు అంచులకు, బోల్టులకు, రివెట్ తలలకు బ్రష్‌తో ఒక వరస వేయించండి. అంచు దగ్గర పెయింట్ పల్చబడిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది.

గాలిలో తేమ 85 శాతం దాటితే పని ఆపండి. ఇనుము మంచు బిందువు (గాలిలో తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉండాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అసలు పెట్టుకోవద్దు.

పుదుపేట_స్పేర్స్:
అన్నీ చెప్పారు, ఛాసిస్ నంబర్ మాట మర్చిపోయారు. బ్లాస్టింగ్‌కు పంపే ముందు పంచ్ కొట్టిన చోట మందపాటి టేపు, పైన రేకు ముక్క కట్టండి. గ్రిట్ తగిలి అంకెలు మాసిపోతే ఆర్టీఓ దగ్గర తల పగిలిపోతుంది. ఇప్పుడే ఫోటో తీసి, పెన్సిల్ ప్రింట్ కూడా తీసి పెట్టుకోండి.

మింజూరు_లారీ:
ఇది తట్టనే లేదు, థాంక్స్ అన్నా. మరి ఆ ముక్క మీద ఏం వేయాలి?

పుదుపేట_స్పేర్స్:
చేత్తో మెల్లగా శుభ్రం చేసి ప్రైమర్ ఒక్క పల్చటి కోటు, పైన గ్రీజు. మాస్టిక్ పడనివ్వొద్దు, అంకెలు పూడిపోతాయి.