ఇనుము వచ్చాక మామూలోడి బతుకు నిజంగా మారిందా?

రాతిగొడ్డలి:
నిన్న ఒక వీడియోలో ఇనుము రాగానే అడవులు నరికేశారు, సేద్యం వచ్చేసింది, బతుకులు మారిపోయాయి అని ఒకాయన ఊదరగొట్టేశాడు, ఒళ్లు మండింది. మన దక్కన్‌లో ఇనుము లేకముందే ఊళ్లున్నాయి, ఆవుల మందలున్నాయి, ఉలవలు పెసలు పండించుకున్నారు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో పేడ కాలి పేరుకున్న బూడిద దిబ్బని 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వితే దొడ్డి చుట్టూ గుంజలు పాతిన గుంతలు, ఆవు గిట్టల అచ్చులు బయటపడ్డాయి. ఆ గుంజలు నరికింది రాతి గొడ్డలే కదా. మరి ఇనుము కొత్తగా ఇచ్చిందేంటి? చచ్చినోళ్ల పక్కన పెట్టడానికి కత్తులు, బల్లేలు. రాకాసి గుళ్లు, అదే ఆ కాలపు పెద్ద బండల సమాధులు, తవ్వితే దొరికేవి అవేగా.

పెన్నా_ఒడ్డు:
తమిళనాడు శివగలైలో ఇనుము క్రీ.పూ. 3345 అని 2025 జనవరిలో ప్రకటించారు. ప్రపంచంలో మనమే ఫస్టు. అది వదిలేసి గుంజల గోలేంటి

రాతిగొడ్డలి:
ఆ తేదీ ఇనుముతో పాటు దొరికిన బొగ్గుది, ఇనుముది కాదు. అయినా నేనడిగింది తేదీ కాదు.

పెన్నా_ఒడ్డు:
మనోళ్లు కనిపెడితే మాత్రం నమ్మరు, అంతేగా

కొలిమికాడ:
అన్నా కత్తులే దొరికినయ్ అంటే ఎట్ల? గొడ్డళ్లు, కొడవళ్లు, పారలు గూడ దొరికినయ్ ఆ సమాధులల్ల. పార పట్టినోడు రాజా? మా బాపు కమ్మరి, నేను చిన్నప్పుడు తిత్తులు ఊదినోన్నే, నాకు తెల్వదా.

రాతిగొడ్డలి:
కర్రు చూపించు బాబూ. నాగటి కర్రు. దక్షిణాది సమాధుల్లో అది చాలా అరుదు. కర్రే లేకుండా దుక్కి మారిందని ఎలా అంటావు?

ఉలవచారు:
అన్నలూ రేపు మా పాప ప్రాజెక్ట్ సబ్మిషన్, మారిందా లేదా ఒక్క ముక్కలో చెప్పండి

కొలిమికాడ:
కర్రు ఎందుకు దొరకదో చెప్త ఇను. వానలు పడుడు షురూ అయితే మా కొలిమి ముంగట పొద్దు పొడవకముందే కర్రులు వరుసకు పెట్టిపోతుండ్రి, అరిగిన మొనను ఎర్రగ కాల్చి దాగలి మీద పెట్టి ఇద్దరు సమ్మెటలేసి సాగగొడితె మల్ల ఒక ఏడాది నడుస్తుండె, కొన్నేండ్లకు అది పిడికెడంత అయితే బాపు దాన్ని ఉలి జేస్తుండె, ఉలి గూడ అరిగినంక మేకు. పారేసుడే లేదు. ఇది ఇనుము సవ్వగ దొరికే కాలంల. ఆ కాలంల ఎంత పిరమో ఆలోచించు. ఇనుము కరగాల్నంటే 1538 డిగ్రీలు గావాలె, మట్టి కొలిమిల అంత సెగ రాదు, చిట్టెం, అంటె రాయి మడ్డి, కారి స్పాంజి లెక్క ఇనుప ముద్ద మిగుల్తది, దాన్ని మల్ల మల్ల కాల్చి కొట్టి చిట్టెం ఎల్లగొట్టాలె. నాగపూర్ దిక్కు నైకుండ్‌ల గసొంటి కొలిమే బయటపడ్డది, క్రీ.పూ. 700 నాటిది. అంత కష్టపడ్డ ఇనుమును ఎవడన్న మన్నుల పారేస్తడా? సమాధిల పెట్టింది పెట్టంగ మిగిలిందంత మల్ల కొలిమికే వోయింది.

రాతిగొడ్డలి:
దొరకలేదు కాబట్టి ఉంది అంటావు, భలే. ఈ లెక్కన వాళ్ల దగ్గర సెల్‌ఫోన్ కూడా ఉండే ఉంటుంది. మీ ఊరి కొలిమి మూడు వేల ఏళ్ల కిందటి సాక్ష్యం ఎలా అవుతుంది?

కొలిమికాడ:
కమ్మరోడు చెప్తె నమ్మ అని సీదా చెప్పరాదు. మొన్న ఒక మ్యూజియంకు వోయిన, పేరొద్దు. అద్దంల గొడ్డలి పెట్టి కింద ‘ఇనుప యుగపు ప్రజలు వాడినది’ అని రాసిండ్రు. వాడినోడు ఉన్నడు, కొట్టినోడు లేడు. మా ఊర్ల గూడ గంతే, కల్లం కాడ అందరివి కొలిచినంక ఆఖరుకు బాపుకు కుంచెడు వడ్లు, ట్రాక్టర్లు వచ్చినంక అవి గూడ బంద్.

రాతిగొడ్డలి:
నా కోపం కూడా దాని మీదే! రాతి గొడ్డలి ఎవడిది వాడు చేసుకున్నాడు. ఇనుము వచ్చాకే ఒకడు కల్లం అంచున నిలబడాల్సి వచ్చింది, ఇంకొకడు కర్రు కోసం పడిగాపులు పడాల్సి వచ్చింది. మా తాత కౌలుకి చేసేవాడు, కొలిమి దగ్గర కాచుకునే లోపే నేల పదునంతా ఆరిపోయేదని తిట్టుకునేవాడు. దీన్ని పట్టుకుని అభివృద్ధి అంటేనే నాకు మంట.

తుంగభద్ర_తీరం:
ఎవడిది వాడు చేసుకున్నాడా? బళ్లారి దగ్గర సంగనకల్లు కొండెక్కి చూడండి సార్. నల్లరాయి పెచ్చులు గుట్టలుగా ఉంటాయి. రాతి గొడ్డళ్లు చేయడమే పనిగా పెట్టుకున్న చోటది, ఇనుముకి ముందే.

రాతిగొడ్డలి:
సరే, అది ఒప్పుకుంటా. కానీ మొద్దుబారితే ఇంటి దగ్గర బండ మీద నూరుకోవచ్చు. కర్రు అరిగితే కొలిమికే పోవాలి.

కొలిమికాడ:
కొలిమికే పోవాలె అని నేను పొద్దటి సంది గదే మొత్తుకుంటున్న! ఊరంత ఏటా ఒక్కని ముంగట వరుస కట్టినంక బతుకు మారలే అంటవేంది? ఇగ కుంచెడు మీద ఇంకో కుంచెడు ఎందుకు రాలేదో ఇనుమును అడగకు, కొలిచినోన్ని అడుగు.

ఉలవచారు:
అంటే మారింది అని రాయనా

పెన్నా_ఒడ్డు:
3345 అని కూడా రాయి